కొలువులో మాట స్వాతంత్ర్యము

సికింద్రాబాదులోని రెజిమెంటల్ బజారున తెల్లవారుజామున నిలిచి చూచువారికి రెండు కాలములు ఒకే వీధిలో కనబడును. 1806లో ఆంగ్లేయ సైన్యమునకు విడిదిగా సికింద్రాబాదు వెలసిన పిమ్మట పటాలముల యవసరములకై పుట్టిన బజారు ఇది. 1874లో రైలు వచ్చినది. రైలు వెంట రైల్వే యుద్యోగుల కుటుంబములు వచ్చినవి. ఆ కుటుంబముల పెద్దలు నేడు పింఛను పుచ్చుకొనుచు, అరుగులమీద కూర్చుండి దినపత్రిక తిరుగవేయుచుందురు. అదే యింటి గడప దాటి, వీపున లాప్టాపు సంచియు, మెడలో కంపెనీ గుర్తింపు పట్టెయు వేసికొని, కుమారుడో కుమార్తెయో మెట్రో స్టేషను వైపునకు సాగిపోవుచుందురు. 2019 నవంబరు నుండి ఆ రైలు వారిని నేరుగా రాయదుర్గమునకు చేర్చుచున్నది. తండ్రి వర్కుషాపునకు పోవు వేళయు, తిరిగివచ్చు వేళయు నాడు వీధికంతకును తెలిసియుండెడివి. కుమార్తె పని యెప్పుడు ముగియునో నేడు కన్నతల్లికిని తెలియదు.

ఈ కుమారులును, కుమార్తెలును తాము పనిచేయు కంపెనీని గూర్చి యేమి తలంచుచున్నారు? ఈ ప్రశ్న నేడు కంపెనీలే యడుగుచున్నవి. 1981 మొదలు 1996 వరకు జన్మించినవారిని పాశ్చాత్యులు మిల్లీనియల్సు అని పిలుతురు. ఈ తరమువారి కేమి ప్రియము, ఏమి యప్రియము అని సాంకేతిక సంస్థలు ప్రశ్నపత్రములు పంచి, సమాధానములను కూడి, నూటికి ఇందరు తమ కొలువుతో సంతుష్టులై యున్నారని ప్రకటించుచున్నవి. ఆ యంకెలను బట్టి యోగ్యతాపత్రములు పుట్టుచున్నవి. ఆ పత్రములు గోడలకెక్కుచున్నవి. ఉద్యోగము వెదకుకొను పిల్లవాడును, పిల్లనిచ్చు మామయు ఆ గోడను చూచి తృప్తి చెందుచున్నారు.

ఉద్యోగి యభిప్రాయ మడుగుట మంచిదే. పూర్వము అదియును లేదు. కాని యడుగు విధానమును కొంచెము పరిశీలింపవలెను. ప్రశ్నపత్రముపై పేరు వ్రాయనక్కరలేదందురు. అయినను ఏ విభాగము, ఎన్నేండ్ల సర్వీసు, స్త్రీయా పురుషుడా అని యడుగుదురు. ఎనమండుగురున్న జట్టులో ఈ మూడును చెప్పిన పిదప పేరు చెప్పవలసిన పని యేమున్నది? పై నెలలో అప్రైజలు రానున్నది. ఇంటి యప్పునకు నెలనెలయు వాయిదా కట్టవలసియున్నది. ఆ స్థితిలో నున్నవాడు "మా మేనేజరు న్యాయమూర్తి, మా కొలువు స్వర్గతుల్యము" అని వ్రాసినచో అది యభిప్రాయమా, ఆత్మరక్షణమా? కడుపు చించుకొన్న కాళ్లమీద పడునని మనవారు ఊరక యనలేదు.

మేము ఈ సంస్థల మంచిని కాదనువారము కాము. 1998లో మాదాపురమున సైబర్ టవర్సును నాటి ప్రధాని వాజపేయి ప్రారంభించినప్పుడు ఆ రాళ్లగుట్టల నడుమ ఇంతటి నగరము లేచునని యూహించినవారు కొలదిమంది. తెలంగాణ రాష్ట్రమేర్పడుటకు ముందు, 2013–14లో, ఈ రంగమున సుమారు 3,23,000 మంది పనిచేయుచుండిరి. 2022–23 నాటికి ఆ సంఖ్య 9,05,000 దాటినదని రాష్ట్రప్రభుత్వపు లెక్కలు తెలుపుచున్నవి. దొరవారి యెదుట నిలువబడి చేతులు కట్టుకొను పద్ధతి పోయి, పై యధికారిని పేరుపెట్టి పిలుచు పద్ధతి వచ్చినది. స్త్రీలు వేలకొలదిగా వచ్చి, పురుషులతో సమముగా జీతము గొనివచ్చి, తలిదండ్రులను పోషించుచున్నారు. పల్లెటూరి బడిలో చదివిన పేదవాని కొడుకు విదేశీయులతో దీటుగా మాటలాడుచున్నాడు. ఈ తరము యువకులను ప్రశ్నించినచో ముందుగా ఈ మేలునే చెప్పెదరు. ఆ కృతజ్ఞత వారికి కలదు.

కాని, చాయదుకాణము నొద్దనో, రైలుపెట్టెలోనో, కంపెనీ చెవి లేనిచోట మాటలాడునప్పుడు వారి నోట రెండవ మాటయు వినబడును. కాలిఫోర్నియాలో ఉదయము తొమ్మిది గంటలైనప్పుడు మనకు ఋతువునుబట్టి రాత్రి తొమ్మిదిన్నరయో పదిన్నరయో యగును. అక్కడివారి యుదయసభకు ఇక్కడివాడు అన్నము ముందు విడిచి లేవవలెను. మరునాడుదయమున మరల ఇక్కడి సభ. 2020 మార్చిలో మహమ్మారి మూలమున ఇల్లే కార్యాలయమైనది; తరువాత కార్యాలయములు తెరువబడినను ఇంటినుండి కార్యాలయము పూర్తిగా వెడలిపోలేదు. ఉద్యోగము విడువదలచినవాడు అనేక కంపెనీలలో తొంబది దినములు వేచియుండవలెను. వానిని విడువదలచిన కంపెనీకి మాత్రము ఒక సాయంకాలము చాలును. పని దొరకని వేళ బెంచిమీద కూర్చుండుట వాని దోషము కాకున్నను, దోషివలె తల వంచుకొని తిరుగవలెను. "మనమందరము ఒక కుటుంబము" అని సభలలో వినుచుందురు. కుటుంబమున పంట పండనియేడు బిడ్డను వెడలగొట్టు తండ్రి యుండునా యని వారు తమలో తాము నవ్వుకొనుచుందురు.

ఈ రెండు మాటలలో నిజమేది? రెండును నిజమే. కాని మొదటిది మాత్రమే గోడకెక్కుచున్నది. రెండవది రైలుపెట్టెలోనే యడగిపోవుచున్నది. మా యాక్షేపణ యిదియే. ఒక సంస్థ సంస్కృతిని కొలుచుటకు దాని విందులు, ఆటలగది, పండుగల రంగవల్లులు ప్రమాణములు కావు. క్రింది యుద్యోగి పై యధికారితో "ఇది తగదు" అని పలికి, మరునాడును నిర్భయముగా తన కుర్చీలో కూర్చుండగలిగినచో ఆ కొలువున సంస్కృతి కలదు. కూర్చుండలేనిచో తక్కినదంతయు పైన పటారము, లోన లొటారము.

ఇది యూహాగానము కాదు. మన సికింద్రాబాదే దీనికి సాక్షి. 1987లో నెలకొల్పబడిన సత్యం కంప్యూటర్సు సంస్థకు ప్రధాన కార్యాలయము సర్దారు పటేలు రోడ్డుననే యుండెను. రెజిమెంటల్ బజారునకు అది యెంతో దూరము కాదు. తెలుగువాడు స్థాపించిన కంపెనీ న్యూయార్కు స్టాకు ఎక్స్ఛేంజిలో పేరెక్కినదని మనమందరము పొంగితిమి. అందు ఉద్యోగము దొరకిన పిల్లవాడు ఊరికి పోయినచో పెండ్లిసంబంధములు వెదకుకొని వచ్చుచుండెను. 2008 సెప్టెంబరులో ఆ సంస్థకు ఉత్తమ పరిపాలనకుగాను గోల్డెన్ పీకాక్ అను బహుమాన మీయబడెను. నాలుగు నెలలు గడువకముందే, 2009 జనవరి 7న, సంస్థాధిపతి రామలింగరాజు తానే లేఖ వ్రాసి, లెక్కలలో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని యొప్పుకొనెను. బహుమాన మిచ్చినవారు దానిని వెనుకకు తీసికొనిరి.

ఆ కథలో మరియొక సంగతి కలదు. దానిని మనవారు అంతగా స్మరింపరు. 2008 డిసెంబరులోనే, లోపలి మర్మ మెరిగిన యొకరు మారుపేరుతో ఆ సంస్థ డైరెక్టరులలో నొకరికి లేఖ వ్రాసి, లెక్కలలో మోసమున్నదని హెచ్చరించిరి. సుమారు 53,000 మంది పనిచేయు సంస్థలో, జగత్తునకంతకును లెక్కల యంత్రములు నడుపు సంస్థలో, లెక్క తప్పిన దని చెప్పుటకు సొంతపేరు పనికిరాకపోయెను! బహుమానపత్రము మీద బంగారు నెమలి. సత్యము చెప్పువాని ముఖముమీద ముసుగు. సంస్థ సంస్కృతి యనగా నేమో ఈ రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి చూచిన వానికి వేరుగా బోధింపనక్కరలేదు.

ఆ జనవరి నెలలో జీతము వచ్చునో రాదో తెలియక వేలకొలది యిండ్లలో పొయ్యిరాళ్ల ముందు చర్చలు జరిగినవి. బ్యాంకులు అప్పులిచ్చుటకు వెనుదీసినవి. అయినను ఆ యువకులలో పెక్కుమంది తమ స్థానములను విడువక, కొనుగోలుదారుల పని యాగకుండ చూచిరి. ప్రభుత్వము నియమించిన క్రొత్త డైరెక్టరులు పగ్గములు చేబూనిరి. 2009 ఏప్రిలులో టెక్ మహీంద్రా ఆ సంస్థను తీసికొనెను. 2013లో అది అందు లీనమయ్యెను. సంస్థను ముంచినది పైవారి మోసము. తేల్చినవారిలో క్రిందివారి పట్టుదలకును పెద్దపాలున్నది. నోరు లేదనిపించుకొన్నవారికే చేతులు కలవని నాడు ఋజువయ్యెను. వారికి నోరును ఉండియున్నచో ఆ కష్టము ముందుగనే తొలగియుండునేమో యని పాఠకులు యోచింపవలెను.

ఇచట కొందరు పెద్దలు మమ్ము అడ్డుపెట్టి ప్రశ్నింతురు. "మా కాలమున మేము పాటుపడలేదా? దేశము పైకి రావలెనన్న యువకులు ఒడలు దాచుకొనవచ్చునా?" అని వారి వాదము. ఇన్ఫోసిస్ స్థాపకులలో నొకరగు నారాయణమూర్తి 2023 అక్టోబరులో యువకులు వారమునకు 70 గంటలు పనిచేయవలెనని యుపదేశించిరి. 2025 జనవరిలో లార్సెన్ అండ్ టూబ్రో సంస్థాధ్యక్షులు సుబ్రహ్మణ్యన్ 90 గంటల ప్రస్తావన తెచ్చిరి. ఆ పెద్దల దేశభక్తిని మేము శంకింపము. కాని దేశభక్తి పేరిట దేశచరిత్రను మరువరాదు.

ఈ దేశమున పనిగంటల చరిత్ర చిన్నది కాదు. 1911 నాటి చట్టము బట్టలమిల్లులలోని పురుషునకు దినమునకు 12 గంటలు పరిమితి పెట్టెను. అదియే నాడు దయ యనిపించుకొనెను. 1922లో వారమునకు 60 గంటలు, 1934లో 54, 1946లో 48. ప్రతి మెట్టు వెనుకను కార్మికుల సమ్మెలు, సంఘములు, ఆకలిదినములు కలవు. ఈ పోరాటములో తెలుగువారి పాలు స్వల్పము కాదు. బరంపురమున పుట్టిన వి.వి.గిరి బెంగాల్–నాగపూరు రైల్వే కార్మికుల నాయకుడై, అఖిలభారత రైల్వే కార్మికుల సమాఖ్యకు మూలపురుషులలో నొకడై నిలిచెను. స్వతంత్రభారతమున కేంద్ర కార్మికమంత్రియై యుండి, బ్యాంకి ఉద్యోగుల విషయమున వచ్చిన తీర్పును ప్రభుత్వము మార్చెనని 1954లో పదవినే త్యజించెను. క్రింది యుద్యోగికి చేసిన వాగ్దానము తప్పరాదని మంత్రిపదవిని వదలుకొన్నవాడు తరువాత 1969లో రాష్ట్రపతి యయ్యెను. పరాయి పాలనలో, 1946లో, మనవారు సాధించుకొన్న 48 గంటలను స్వపరిపాలనలో 70కి, 90కి పెంచుట పురోగమనమా, తిరోగమనమా?

మన రాష్ట్రప్రభుత్వము 2025 జూలైలో ఉత్తర్వు చేసి, దుకాణములు తప్ప తక్కిన వాణిజ్యసంస్థలలో దినమునకు 10 గంటల వరకు పని చేయించుట కనుమతించినది. వారమునకు 48 గంటలు దాటినచో అదనపు వేతన మీయవలెననియు, మూడు నెలలలో అదనపు పని 144 గంటలకు మించరాదనియు అందే కలదు. పై వాక్యము కంపెనీలన్నిటికిని కంఠస్థమైనది. క్రింది వాక్యమును చదివినవా రెందరు? రాత్రి పదిన్నర సభకు కూర్చుండిన యువతి ఆ గంటను లెక్కలో వ్రాసి, అదనపు వేతన మడిగినచో ఆమెకు లభించునది వేతనమా, వింతచూపా?

మరియు ఒక సంగతి. పనిగంటలకన్నను మానమర్యాదల ప్రశ్న గొప్పది. జట్టులో నెవరెంత చక్కగా పనిచేసినను, నూటికి ఇందరు తక్కువవారుగా తేలవలెనను పద్ధతి చాలకాలము నడచినది. ఒకరు పైకెక్కవలెనన్న మరియొకరు క్రిందపడవలెనను ఈ త్రాసు స్నేహితులను శత్రువులను చేసెను. మైక్రోసాఫ్టు సంస్థ తన యొద్దనున్న ఇట్టి పద్ధతిని 2013 నవంబరులో విడిచిపెట్టెను. మరుసటి ఫిబ్రవరిలో ఆ సంస్థకు అధిపతియైనవాడు హైదరాబాదున జన్మించి, బేగంపేటలో చదివిన సత్య నాదెళ్ల. అన్నియు తెలిసినవాని కంటె నేర్చుకొనువాడే మేలను సూత్రమును ఆయన తన యుద్యోగులకు బోధించెను. ఆ సంస్థ దోషరహితమని మేము చెప్పుట లేదు. 2023లో అదియు వేలకొలది యుద్యోగులను తొలగించినది. అయినను త్రాసును మార్చినంతమాత్రమున వ్యాపారము కూలిపోదని లోకమునకు తెలిసినది. మార్పు అసాధ్యమనువారికి ఇది సమాధానము.

ఇక ఈ తరమువారితో మేము ఒక మాట నిర్మొహమాటముగా చెప్పదలచితిమి. మీరు ఇప్పుడు బాలురు కారు. మీలో పెద్దవారికి నలుబది దాటినవి. మీరే నేడు మేనేజరులు. 2025 జూలైలో టీ.సీ.ఎస్. సంస్థ 12,000కు పైగా ఉద్యోగులను తగ్గింతుమని ప్రకటించినప్పుడు, ఆ దెబ్బ ముఖ్యముగా మధ్యమ, ఉన్నత శ్రేణులవారి మీదనే యని తెలిపెను. అనగా మీ తరము మీదనే. నిన్నటివరకు క్రిందివాని నోరు మూయించి పైవాని మెప్పు పొందినవారు, నేడు తమ మాట వినువారు లేక దిక్కులు చూచుచున్నారు. కోడలిగా పడిన పాట్లను అత్తయైన పిదప మరచుట మన సంసారములకు పాత జబ్బు. దానిని కార్యాలయములకు గొనిపోకుడు. మీ క్రింద క్రొత్తగా చేరిన ఇరువదిరెండేండ్ల పిల్లవాడు "ఈ రాత్రి నేను రాలేను, అమ్మకు జ్వరముగా నున్నది" అన్నప్పుడు మీరిచ్చు సమాధానమే మీ కంపెనీ సంస్కృతి. ప్రశ్నపత్రములో మీరు పెట్టిన గుర్తు కాదు.

యాజమాన్యములతోను మేము కొన్ని మాటలు విన్నవింతుము. అభిప్రాయసేకరణ చేయదలచినచో చేయుడు. కాని దానిని మీ యధికారుల చేతులలో నుంచక, మీ సొమ్ముపై మాత్రమే యాధారపడని బయటివారి చేతులలో నుంచుడు. మంచి యంకెలతోపాటు చెడ్డ యంకెలను గూడ ప్రకటింపుడు. ఏడాదిలో ఎందరు విడిచిపోయిరి? ఎందరు పనిపరిస్థితులను గూర్చి ఫిర్యాదు చేసిరి? స్టాకు మార్కెటులో పెద్దవగు వేయి కంపెనీలు ఈ వివరములను 2022–23 నుండి ఏటేట ప్రకటింపవలెనని సెబీ యిదివరకే విధించినది. ఉద్యోగము వెదకుకొను యువకుడు గోడమీది యోగ్యతాపత్రమును కాక, వార్షిక నివేదికలోని ఆ పుటను చదువుట నేర్వవలెను. పఠనాలయములు నడుపు పెద్దలు అట్టి నివేదికలను తెప్పించి బల్లమీద నుంచినచో పిల్లలకు మేలు చేసినవారగుదురు.

చట్టమును గూడ తెలిసికొనవలెను. 2025 నవంబరు 21 నుండి నాలుగు కార్మిక స్మృతులు అమలులోనికి వచ్చినవి. ప్రతి యుద్యోగికిని నియామకపత్ర మీయవలెననియు, నెలజీతము మరుసటి నెల ఏడవ తేదీలోపల చెల్లింపవలెననియు వానివలన నేర్పడినది. ఆ స్మృతులలో ఉద్యోగులకు లాభమెంత, నష్టమెంత యను చర్చ వేరు. స్త్రీలపై కార్యాలయములలో జరుగు దురాచారములను విచారించుటకు 2013 నాటి చట్టమున్నది. అన్నిటికంటె పైన, సంఘముగా నేర్పడు హక్కును మన రాజ్యాంగము పందొమ్మిదవ యధికరణమున ప్రతి పౌరునకును ప్రసాదించినది. ఆ హక్కు వర్కుషాపు గేటు దగ్గర మొదలై అద్దాల మేడ గేటు దగ్గర ఆగిపోవునని ఎక్కడను వ్రాయబడలేదు. రైల్వే కార్మికుని కుమార్తెకు ఈ సంగతి వేరొకరు చెప్పవలెనా? ఆమె తండ్రి అరుగుమీదనే యున్నాడు. ఒక సాయంకాల మాయన నడిగినచో సంఘమును కట్టుట యెట్లో, అధికారి యెదుట గౌరవముగా, గట్టిగా మాటలాడుట యెట్లో చెప్పగలడు. తండ్రియు ఒక సాయంకాలము కుమార్తె నడుగవలెను: "జీతమెంత?" అని కాదు, "అక్కడ నీ మాట వినుచున్నారా?" అని.

పటాలములో పైవాని యాజ్ఞకు క్రిందివాని సమాధానము వందనమొక్కటియే. పటాలమునకు అది తగియుండవచ్చును. రెజిమెంటల్ బజారునుండి పటాలములు పోయినవి, పేరు మిగిలినది. ఆ బజారు బిడ్డలు పనిచేయుచోటనుండి పేరు మాత్రము పోయి పటాలపు పద్ధతి మిగులరాదు. మనదేశము నోరు తెరచి స్వరాజ్య మడిగి తెచ్చుకొన్నది. ఆ దేశమున చదువుకొన్న యువజనులు దినములో సగము గడపు చోట, తప్పును తప్పని సొంతపేరుతో చెప్పగలుగు దినము రావలెను. ఆ దినము వచ్చిన కంపెనీకి యోగ్యతాపత్రముతో పనిలేదు. అది రాని కంపెనీకి ఎన్ని పత్రములు వచ్చినను గోడకు భారమే.